తెల్ల జాకెట్టు మీద దాగ్

మా ఇంట్లో బట్ట మీద నూనె పడితే ఇప్పటికీ నా దగ్గరికే తెస్తారు. తెచ్చేముందు మాత్రం ఎవరో ఒకరు దాని మీద నీళ్లు పోస్తారు, సబ్బు రుద్దుతారు, పోకపోతే ఇంకో రెండుసార్లు రుద్దుతారు, అన్నీ అయ్యాక అప్పుడు తెస్తారు. నీళ్లు చూపించకండి, పొడిగా ఉన్నప్పుడే నా చేతికివ్వండి అని కోడలికి పదిసార్లు చెప్పాను, మనవరాలికి ఇరవైసార్లు చెప్పాను. వింటారా? "మిషన్‌లో వేస్తే పోతదనుకున్నా నానమ్మా" అంటుంది మనవరాలు. పోదు. నూనె మరకకు నీళ్లంటే భయం లేదు. అది భయపడేవి వేరే ఉన్నాయి. అవి నాకు మా చాకలవ్వ నేర్పింది.

ఇంకో మాట కూడా ముందే చెప్పేస్తాను. మరకంటే సిగ్గుపడాల్సిన విషయమని ఎవరైనా నా ముందు అంటే నేను ఊరుకోను. టీవీలో సబ్బుపొడి ప్రకటన వస్తుంది చూడండి, పిల్లవాడి చొక్కా చూసి ఆ తల్లి ముఖం చిట్లించుకుంటుంది. నేను టీవీకే జవాబు చెబుతాను. ఇంట్లో వాళ్లు నవ్వుకుంటారు. నవ్వనీ. నాకు తొమ్మిదేళ్లప్పుడు తరగతికి తరగతే నన్ను చూసి నవ్వింది, దాని ముందు వీళ్ల నవ్వు ఎంత.

అప్పుడు మేం వరంగల్‌లో మట్టెవాడ దగ్గర ఉండేవాళ్లం. మా నాయిన మగ్గం నేసేవాడు. మా వాకిట్లో కాలు పెడితే ముందు గంజి వాసన, తర్వాత మగ్గం చప్పుడు. నూలుకు గంజి పెట్టడం మా అమ్మ పని, కండెలు చుట్టడం నా పని. నాయిన మగ్గం గుంతలోకి దిగేముందు ప్రతిసారీ చేతులు కడుక్కునేవాడు. నేను పల్లీలు తిన్న చేత్తో నూలు ముట్టుకుంటే గుడ్లురిమి చూసేవాడు. కొట్టేవాడు కాదు, ఆ చూపే చాలు. తన గుడ్డ మీద ఈగ వాలినా ఒప్పుకోని మనిషి.

తర్వాత యుద్ధం రోజులొచ్చాయి. ఎక్కడో జరిగే యుద్ధానికి మా ఇంట్లో నూలు ఎందుకు మాయమైందో నాకు అప్పుడు అర్థం కాలేదు. ఇప్పుడు అర్థమైంది కానీ కోపం తగ్గలేదు. ఒకరోజు మగ్గం మీద ఆఖరు గుడ్డ దిగింది. నాయిన దాన్ని కోసి మడతపెట్టి, మగ్గం గుంత మీద చాప పరిచాడు. మరుసటి వారం నుంచి మిల్లుకు పోయాడు. అక్కడ ఆయనకు దొరికింది నేత పని కాదు, మిషన్లకు నూనె పెట్టే పని. పొడుగు ముక్కున్న డబ్బా పట్టుకుని పొద్దంతా ఒక్కో మిషన్ కింద దూరి నూనె పోయాలి. ఆ నూనె డబ్బాలో ఉన్నప్పుడు తేనె రంగులో ఉంటుందట. మిషన్ తాగి కక్కిన తర్వాత మాత్రం కాటుకకంటే నలుపు. సాయంత్రం గేటు దాటేముందు రంపపు పొట్టుతో ఒకసారి, దొరికితే ఇంత గ్యాసునూనెతో, అదే కిరసనాయిలుతో, ఇంకోసారి చేతులు తోముకునేవాడు. ఇంటికొచ్చి కుంకుడు రసంతో మళ్లీ తోముకునేవాడు. అయినా గోళ్ల సందుల్లో నలుపు పోయేది కాదు. ఆ చేతులతో ఆయన చాప ఎత్తి మగ్గాన్ని ఒక్కసారి కూడా ముట్టుకోలేదు. అమ్మే అప్పుడప్పుడు దుమ్ము దులిపేది.

ఆ ఆఖరు గుడ్డలో మిగిలిన ముక్కతో అమ్మ నాకు తెల్ల జాకెట్టు కుట్టింది. చేత్తోనే కుట్టింది, కానీ కుట్టు ఎక్కడుందో వెతుక్కోవాలి. నాకు ఉన్న తెల్ల బట్ట అదొక్కటే.

తెల్లబట్ట ఎందుకంటే బడికి. నేను నాలుగో తరగతి చదువుతున్నాను. అప్పుడు మాది హైదరాబాదు రాజ్యం, చదువంతా ఉర్దూలోనే. మా పంతులమ్మను ఉస్తానీ అనేవాళ్లం. సన్నగా, నిటారుగా ఉండేది, తెలుగు ఒక్క ముక్క రాదు. ఎక్కడో ఉత్తరాది నుంచి వచ్చిందని చెప్పుకునేవాళ్లు. ఉర్దూ నా నోటికి బాగా వచ్చింది, చెవికి మాత్రం రాలేదు. అంటే పాఠం ఇస్తే గడగడా చదివేసేదాన్ని, ఎదుటివాళ్లు మాట్లాడితే మాత్రం సగం తెలిసేది, సగం ఊహించుకునేదాన్ని. ఈ సంగతి ఉస్తానీకి తెలియదు. నేను చెప్పలేదు.

ఏడాదికోసారి ముయాయినా జరిగేది. ముయాయినా అంటే తనిఖీ. పెద్ద అధికారిణి ఒకామె హైదరాబాదు నుంచి వచ్చి కుర్చీలో కూర్చుంటుంది, తరగతికి ఒక పిల్ల లేచి ఆమె ముందు పాఠం చదవాలి. నాలుగో తరగతిలో అలా చదివిన పిల్లకు పై బడిలో సీటు ఖాయమయ్యేది. మిగతా ఆడపిల్లల చదువు అక్కడితో సరి. మాలాంటి ఇళ్లలోనైతే ఇంటికొచ్చి కండెలు చుట్టుకోవడమే, అదీ నూలు దొరికితే. ఆ ఏడు పాఠం చదవడానికి ఉస్తానీ నా పేరు పిలిచింది. పక్కనే కూర్చున్న వకీలుగారి అమ్మాయి ముఖం మాడిపోవడం నేను చూశాను. చూసి సంతోషపడ్డాను కూడా, ఆ మాట దాచుకోను.

ముయాయినా ఇంకా ఆరు రోజులు. ఆ వారమంతా తెల్లబట్టల్లో రావాలని హుకుం. మొదటి రోజే తెల్ల జాకెట్టు వేసుకుని పోయి, పేరు పిలిపించుకుని, బడి వదలగానే ఇంటికి పోకుండా మిల్లు గేటుకు పరిగెత్తాను. సైరన్ మోగి పనివాళ్లు బయటికొస్తున్నారు. నాయిన కనబడగానే ఎదురెళ్లి చెప్పేశాను.

"నాయినా, ముయాయినాల నేనే సదువుతాన! ఉస్తానీ నా పేరే పిలిచింది!"

ఆయన ముఖం అట్లా వెలగడం మగ్గం ఆగిన తర్వాత నేను చూడలేదు. "శెబాష్ బిడ్డా!" అని అరిచి, నా వీపు మీద పెద్ద చరుపు చరిచాడు. నేను ముందుకు తూలాను. ఆయన మళ్లీ నవ్వి, దోస్తులకు నన్ను చూపించి, ఇంకా ఏదో పని మిగిలిందని లోపలికి పోయాడు. చేతులు కడుక్కోని సంగతి ఆ సంతోషంలో ఆయనకు గుర్తే లేదు. నాకు నా వీపు కనబడదు కదా.

బజారు నడుమ నుంచి తల ఎత్తుకుని ఇంటికి నడిచాను. దుకాణాల ముందు కూర్చున్నవాళ్లు నన్ను చూసి నవ్వుతున్నారు. బీడీలు చుట్టే ఆడవాళ్లు ఒకరినొకరు మోచేత్తో పొడుచుకుని నవ్వుతున్నారు. అబ్బ, నా పేరు పిలిచిన సంగతి బజారంతా అప్పుడే పాకిపోయిందే అనుకున్నాను. ఒకరిద్దరికి తల కూడా ఊపాను.

ఇంటి గడప దాటగానే అమ్మ నన్ను వెనక నుంచి చూసి ఒక్క కేక పెట్టింది.

"ఓ నా తల్లో! గిదేందే?"

జాకెట్టు విప్పి చూశాను. ఐదు వేళ్లు, అరచేయి, బొటనవేలి కింది ఉబ్బు, అన్నీ అచ్చు దిగి ఉన్నాయి. నల్లగా, నిగనిగలాడుతూ.

అమ్మ కంగారులో చేయకూడనివన్నీ వరసగా చేసింది. ముందు చెంబెడు నీళ్లు పోసింది. పోలేదు. పొయ్యి మీద నుంచి మరిగే నీళ్లు దించి పోసింది. నలుపు కొంచెం కరిగినట్టే కరిగి చుట్టూ పాకింది. రాయి మీద పెట్టి రుద్దింది. వేళ్లు వేళ్లుగా ఉన్నది కాస్తా పంజా అయింది. అప్పుడిక మా కులం బుద్ధి పనిచేసింది. మా ఇళ్లలో బట్టకు ఏ కష్టం వచ్చినా మందు ఒకటే, గంజి. అమ్మ చిక్కటి గంజి కాచి, అందులో ఇంత సుద్దపొడి, రవ్వంత నీలిమందు కలిపి, జాకెట్టును రెండుసార్లు ముంచి ఆరేసింది.

"ఫికర్ జెయ్యకు. గంజి పెడితే మరక దాగుతది" అంది.

దాగింది కూడా. పొద్దున చూస్తే జాకెట్టు పళ్లెంలా గట్టిగా నిలబడింది, వీపు మీద లేత బూడిదరంగు నీడ తప్ప ఏమీ లేదు. మరక దాగింది, మరక దాగింది అని మనసులో అనుకుంటూ బడికి పోయాను. ఈ మాటను గుర్తుపెట్టుకోండి, నా కొంప ముంచింది ఇదే.

ఆ పొద్దున ఎండలో చాలాసేపు వరసలో నిలబెట్టారు. చెమట పట్టింది. గంజి మెత్తబడింది, సుద్ద కారిపోయింది. తరగతిలో పాఠం చదవడానికి లేచి ముందుకు నడుస్తుంటే వెనక గుసగుసలు మొదలయ్యాయి. ఉస్తానీ నన్ను వెనక్కి తిరగమంది, తిరిగాను. ఆమె వేలు చూపించి గట్టిగా అంది.

"దాగ్!"

దాగ్ అంటే ఉర్దూలో మరక. నాకు తెలియదు. మా పాఠంలో పూలున్నాయి, చిలకలున్నాయి, బాద్షాలున్నారు, మరక మాత్రం లేదు. నాకు తెలిసిన దాగు ఒకటే. దాగుడుమూతల దాగు. పొద్దుటి నుంచి నా చెవిలో మోగుతున్న దాగు.

నేను తెల్లబోయి నిలబడ్డాను. ఆమె ఇంకా గట్టిగా, "దాగ్! దాగ్!" అంది.

ఎందుకు దాగమంటోందో తెలియలేదు. ముయాయినా అమ్మగారు అప్పుడే వచ్చేసిందేమో, నా అవతారం ఆమె కంట పడకూడదేమో అనుకున్నాను. ఒక్క పరుగున పోయి తలుపు చాటున దాక్కున్నాను. దాక్కుని, ఊపిరి బిగపట్టి, తలుపు సందులోంచి తరగతిని చూశాను.

తెలుగు పిల్లలకు ముందు అర్థమైంది. ఒకతి కిసుక్కుమంది. ఆ తర్వాత తరగతి మొత్తం బల్లలు చరిచి నవ్వింది. ఉస్తానీ ఏమిటేమిటని అడిగింది, వకీలుగారి అమ్మాయి లేచి ఉర్దూలో విడమరిచి చెప్పింది. ఉస్తానీ కూడా పైట నోటికి అడ్డం పెట్టుకుంది. నన్ను తలుపు వెనక నుంచి పిలవడానికి పక్క తరగతి పంతులమ్మ రావాల్సి వచ్చింది. ఆ రోజంతా ఎవరు ఎదురైనా "దాగ్" అనడం, తలుపు వెనక్కి పరిగెత్తినట్టు నటించడం. మధ్యాహ్నానికి ఆ ఆట అన్ని తరగతులకూ పాకింది.

సాయంత్రం ఉస్తానీ నన్ను నిలబెట్టి, ఈసారి నాకు అర్థమయ్యేటట్టు నెమ్మదిగా చెప్పింది. ముయాయినా నాటికి మరక పోవాలి. పోకపోతే వకీలుగారి అమ్మాయి చదువుతుంది. పెద్దమ్మగారి ముందు మురికి బట్టల పిల్లను నిలబెట్టడం తన వల్ల కాదు.

మురికి అన్న మాట ఉర్దూలో ఏమిటో మాత్రం నాకు బాగా తెలుసు.

ఇంటికొచ్చి అంతా చెప్పాను, ఏడ్చాను, కాలు నేలకేసి తన్నాను. నాయిన అన్నం ముందు కూర్చుని వింటున్నాడు. విని, తన కుడిచేయి వంక చూసుకున్నాడు. తర్వాత ఆ చేతిని పంచె మడతలోకి పెట్టుకున్నాడు.

"నా శెయ్యే శెడగొట్టింది" అన్నాడు అమ్మతో. "పోనియ్యి. ముయాయినా లేకుంటే ఏమాయె. ఇంట్ల ఉంటది. అందరి ముంగట సిగ్గన్న తప్పుతది." తర్వాత నా వైపు చూడకుండా, "ఇగ నువ్వు గేటు కాడికి రాకు బిడ్డా" అన్నాడు.

నాకు ఏడుపు అక్కడికక్కడ ఆగిపోయింది. తరగతి నవ్వినందుకు ఏడ్చానే కానీ, ఈ మాటకు ఏడుపు రాలేదు, ఒళ్లు మండింది. నూలు ముట్టుకునేముందు చేతులు కడుక్కునే మనిషి, ఈగ వాలనివ్వని మనిషి, తన చేతిని తనే దాచుకుంటున్నాడు. దాగమని ఉస్తానీ నాతో అనలేదు, నేనే పొరపాటుగా విన్నాను. కానీ మా నాయినకు మాత్రం సరిగ్గా అదే వినబడింది, ఆయన అదే చేస్తున్నాడు. ఇంత వివరంగా అప్పుడు తోచలేదు. తొమ్మిదేళ్ల పిల్లకు తోచింది ఒక్కటే, ఆ పాఠం నేనే చదవాలి. చదివి తీరాలి.

మర్నాడు పొద్దున్నే జాకెట్టు చంకలో పెట్టుకుని మా చాకలవ్వ ఇంటికి పోయాను. ఆమె అప్పటికే ముసలిది, నోట్లో నాలుగు పళ్లుంటే ఎక్కువ, చేతులు మాత్రం గట్టివి. జాకెట్టు వెలుతురుకు పట్టి చూసింది. వాసన చూసింది. గోటితో గీకి చూసింది.

"మిల్లు నూనె" అంది. "నీళ్లు పోసిన్రా?"

"పోసినం."

"ఉడుకు నీళ్లు?"

"అమ్మ పోసింది."

"రాయి మీద రుద్దిన్రా?"

నేను తల ఊపాను.

"గంజి గూడ పెట్టిన్రు" అంది తనే. "మంచిగ జేసిన్రు. మరకకు ఇల్లు గట్టి, గోడలు లేపి, సున్నం గూడ ఏసిన్రు. ఇగ అది ఎందుకు పోతదే?"

నన్ను తిడుతూనే లేచింది. మా ఇంటికి నడుస్తూ తిట్టింది, మా అమ్మ ఎదురుగా కూర్చుని ఇంకా తిట్టింది. మా అమ్మ ఎవరి చేతా మాట పడని మనిషి, ఆ రోజు మాత్రం తల వంచుకుని, "ఏం జెయ్యాల్నో నువ్వే జెప్పక్కా" అంది.

ముందు చల్లటి నీళ్లలో నానబెట్టి గంజి మొత్తం వదిలించింది. నీడలో ఆరబెట్టింది. బట్ట చుక్క తడి లేకుండా ఆరేదాకా దాన్ని ముట్టనివ్వలేదు. తర్వాత, "జర మంచినూనె తే" అంది అమ్మతో.

అమ్మ నోరు వెళ్లబెట్టింది. "నూనె మీద నూనెనా?"

"పాత నూనె ఎండి పట్టుకున్నది. కొత్త నూనె తగిలితే మెత్తబడి లేస్తది. నువ్వు తే చెల్లె."

జాకెట్టు కింద పాత గుడ్డ మడిచి పెట్టింది. గోరువెచ్చటి మంచినూనెను వేలికొసతో ఒక్కో చుక్క అద్దింది. అంచు నుంచి నడిమికి, ఎప్పుడూ అంచు నుంచి నడిమికే. నడిమి నుంచి అంచుకు పోతే మరక తిరగడానికి పోతుందట. కాసేపాగి ఎత్తి చూపించింది. కింద గుడ్డ మీదికి నలుపు దిగింది. నేను చప్పట్లు కొట్టబోతే చెయ్యి మీద ఒక్కటిచ్చింది. గుడ్డ మార్చింది, మళ్లీ అద్దింది. ఐదారు గుడ్డలు నల్లబడ్డాయి.

తర్వాత మన్ను. ఎనుమాముల దిక్కు చౌడు భూములుండేవి, అక్కడి తెల్ల మన్ను తెచ్చుకునేది ఆమె. ఇప్పుడు ఆ పేరు చెబితే అందరికీ మిరప బస్తాల మార్కెట్టే గుర్తొస్తుంది, నాకు ఇప్పటికీ చాకలవ్వ మూటలోని మన్నే. దాన్ని జల్లించి, పొడిపొడిగా మరక మీద చల్లి, మీద రాయి పెట్టింది. మన్ను నూనె తాగుతుంది. తాగిన మన్ను దులిపి కొత్త మన్ను. ఇదే ఒక పూట పట్టింది. ఆ తర్వాతే కుంకుడు నురుగు, అదీ బొటనవేలితో నిమరడమే తప్ప రాయి మీద రుద్దడం లేదు. ఆఖరుకు నీళ్లు. అన్నీ అయ్యాక రేవుకు తీసుకుపోయి, చౌడు నీళ్లలో తడిపి, బానలో పెట్టి ఆవిరికి ఉడికించింది. ఇసుక మీద పరిచి ఎండబెడుతూ, ఆరినప్పుడల్లా నీళ్లు చిలకరించింది. నాలుగు రోజులు ఆమె రేవుకు, మా ఇంటికి తిరిగింది. ఆ నాలుగు రోజులూ నేను నీలం జాకెట్టు వేసుకుని ఆఖరు బల్ల మీద కూర్చున్నాను, వకీలుగారి అమ్మాయి నా పాఠం వల్లిస్తుంటే విన్నాను. చిలక దగ్గర తప్పు చదివేది. నేను సరిచేయలేదు.

ముయాయినాకు ముందురోజు సాయంత్రం చాకలవ్వ జాకెట్టు తెచ్చింది. నాలుగు వేళ్లు పోయాయి. అరచేయి పోయింది. బొటనవేలు, దాని కింది ఉబ్బు మాత్రం లేత గోధుమరంగులో మిగిలి ఉన్నాయి. కాయ కాసినచోట చర్మం మీద గీతలుంటాయి చూడండి, దగ్గరగా చూస్తే అవి కూడా తెలుస్తున్నాయి.

"ఇగ నాతోటి గాదు" అంది చాకలవ్వ. "మొదలే నా తాన్కి తెస్తే పోతుండె. ఉడుకు నీళ్లకు నూలులకు పోయి కూసున్నది. మిల్లోల్లు తెల్లమందు ఏస్తరు, అది ఏస్తే పోతది. కని గుడ్డ గూడ పోతది. నాలుగు ఉతుకులకు చీలికలైతది."

"రేపు ఒక్క పూట నిలిస్తే సాలక్కా, ఎయ్యి" అంది అమ్మ.

నాయిన గోడకానుకుని కూర్చుని ఉన్నాడు. తన ఆఖరు గుడ్డ చీలికలవుతుందన్నా ఏమీ అనలేదు. అదే నాకు పట్టరాని కోపం తెప్పించింది. చాకలవ్వ చేతిలోంచి జాకెట్టు గుంజుకున్నాను.

"ఎయ్యద్దు! గుడ్డ నాయిన నేసిండు, శెయ్యి నాయినది. నాకు రెండు గావాలె!"

అమ్మ గంజిగిన్నె అందుకోబోయింది. దాన్ని కూడా పొయ్యి అవతలికి జరిపేశాను.

"గంజి గూడ వద్దు. దాచద్దు. నేను గిట్లనే పోత."

"గిది గిట్ల ఎవలకు పుట్టింది?" అని అమ్మ నెత్తి కొట్టుకుంది. చాకలవ్వ మాత్రం ఉన్న నాలుగు పళ్లూ కనబడేటట్టు నవ్వింది. అమ్మ ఇచ్చిన జొన్నరొట్టె, తొక్కు కొంగున కట్టుకుంటూ, "పోనియ్యి చెల్లె, ఉన్నది ఉన్నట్టు పోతాంది, ఏం తప్పు?" అని వెళ్లిపోయింది.

మర్నాడు ముయాయినా. గంజి లేని జాకెట్టు ఒంటికి మెత్తగా, చల్లగా ఉంది. అయినా నాకు భయం లేదని చెబితే అబద్ధం. బడి వాకిలి దగ్గర ఒకసారి వెనక్కి తిరిగి ఇంటికి పోదామనిపించింది. తిరిగితే వీపు బడికి కనబడుతుంది, తిరగకపోతే బజారుకు కనబడుతుంది. ఎట్లా చూసినా కనబడక తప్పదు కదా అని లోపలికే నడిచాను.

పెద్దమ్మగారు కుర్చీలో కూర్చుని ఉంది. లావుపాటి మనిషి, కళ్లద్దాలు, ముఖంలో నవ్వు లేదు. ఉస్తానీ మమ్మల్నిద్దరినీ, వకీలుగారి అమ్మాయిని, నన్ను, వరస ముందుకు పిలిచింది. నన్ను భుజం పట్టి తిప్పి వీపు చూసింది. ఆమె నిట్టూర్పు వినబడింది. తర్వాత మెల్లగా, తిట్టినట్టు కాకుండా, బాధగానే అంది.

"దాగ్."

వెనక వరసలో ఎవరో కిసుక్కుమన్నారు. తలుపు నాకు నాలుగడుగుల దూరంలో ఉంది. ఇప్పుడు నాకు ఆ మాటకు అర్థం తెలుసు. అయినా నేను తెలుగులోనే జవాబిచ్చాను. గట్టిగా ఇచ్చాను.

"దాగను."

ఉస్తానీ చెయ్యి నా భుజం మీద ఆగిపోయింది. వారం కింద ఐతే ఆమెకు ఆ మాట తెలిసేది కాదు. బడి మొత్తం నన్ను ఆటపట్టించిన ఐదు రోజుల్లో ఆమెకూ ఒక తెలుగు మాట వచ్చింది. నేను ఏమన్నానో ఆమెకు అర్థమైంది, ముఖం చూస్తే తెలిసింది.

పెద్దమ్మగారు కళ్లద్దాల పైనుంచి చూసి, ఏమంటోందని అడిగింది. ఉస్తానీ నా భుజం వదిలేసింది. పెద్దమ్మగారు నన్నే దగ్గరికి పిలిచి, వెనక్కి తిప్పి, ఆ గోధుమరంగు బొటనవేలిని చూసి, ఇదేమిటని అడిగింది.

అంతవరకు నేను బడిలో నోరు విప్పి మాట్లాడిన ఉర్దూ అంతా పుస్తకంలోదే. ఎవరో రాసింది, నేను వల్లించింది. ఆ రోజు మొదటిసారి ఒక వాక్యం నా అంతట నేను కట్టాను. బజారులో విన్న ముక్కలన్నీ ఏరుకుని కట్టాను.

"మేరే బాప్ కా హాత్ హై."

మా నాయిన చెయ్యి అని.

బాప్ అనకూడదు, వాలిద్ సాహెబ్ అనాలని తర్వాత ఉస్తానీ సరిచేసింది. అననీ. నాకు ఉన్నది బాపే.

గదిలో ఎవరూ నవ్వలేదు. పెద్దమ్మగారు ఇంకాసేపు నా వీపు చూసింది. ఆమె ఏమనుకుందో నాకు ఇప్పటికీ తెలియదు, తెలిసినట్టు రాయను. ఉస్తానీ వైపు చూసి, నా వైపు చూసి, "పఢో" అంది. చదువు అని.

చదివాను. పూలు, చిలకలు, బాద్షాలు అన్నీ చదివాను. ఒక్క తప్పు పోలేదు. పై బడి సీట్లకు పేర్లు రాసిన కాగితం ఆ మధ్యాహ్నమే గోడకు అంటించారు. అందులో నా పేరు ఉంది.

బడి వదలగానే గేటుకు రావద్దన్న నాయిన దగ్గరికే పోయాను. సైరన్ మోగింది. ఆయన నన్ను చూసి, ముందు చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. ఇంకా కడుక్కోలేదు, మోచేతుల దాకా నలుపు ఉంది.

"సదివిన" అన్నాను. "సీటు వచ్చింది."

ఆయన కళ్లు నీళ్లతో నిండాయి. చేతులు మాత్రం వెనకే ఉన్నాయి. నేను ఆయన వైపు వీపు తిప్పి నిలబడ్డాను.

"పెట్టు."

"వద్దు బిడ్డా. అంటుతది."

"అంటనియ్యి."

చుట్టూ మనుషులు పోతున్నారు. ఆయన దోస్తు ఒకాయన, "పెట్టరాదురా, పొల్ల అడుగుతాంది గద" అన్నాడు. నేను కదల్లేదు. తర్వాత నా వీపు మీద ఆయన చెయ్యి ఆనింది. ఈసారి చరచలేదు, ఆనించి అట్లాగే ఉంచాడు. కాసేపటికి రెండో చెయ్యి కూడా.

మరక మీద నీళ్లు పడకముందే, అక్కడి నుంచి నేను నేరుగా చాకలవ్వ ఇంటికి బయల్దేరాను. మా ఇంటి వెనక సందులోంచి పోతే దగ్గర, ఎవరి కంటా పడకుండా పోవచ్చు. నేను బజారు నడుమ నుంచే పోయాను. దుకాణాల ముందు, బీడీల వాళ్ల ముందు, వీపు మీది రెండు చేతులూ అందరికీ కనబడేటట్టు, మెల్లగా నడుచుకుంటూ పోయాను.